ఆపద్ధనము

ధనము లేకుండుట ఒక కష్టము. ధనముండియు చిల్లర దొరకకుండుట మరియొక కష్టము. ఈ రెండవది సంక్షోభకాలములందు బయలుపడును. పడినప్పుడు ముందుగా దినకూలివారి గడపనే తట్టును.

1914లో ఐరోపా యుద్ధము మొదలైనంతనే జర్మనీ ప్రజలు వెండి నాణెములను దాచుకొనిరి. రాగి, నికెలు ఆయుధములకు పోయెను. అప్పుడచ్చటి పట్టణములు ఇనుముతోను, తుత్తునాగముతోను, కాగితముతోను తమ పేరనే ద్రవ్యము పుట్టించెను. మైసెన్ పింగాణి కర్మాగారము మట్టి నాణెములను సైతము కాల్చి ఇచ్చెను. వీనికి ‘నోట్‌గెల్డ్’ అని పేరు, అనగా ఆపద్ధనము. 1923 నవంబరు నాటికి ఒక్క డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులయ్యెను. ఆ నెలలోనే కొత్త రెంటెన్‌మార్కు వచ్చినపిదప ఆపద్ధనపు అవసరము తీరెను.

మన సీమ ఈ బాధ నెరుగనిది కాదు. వెండి కొరవడగా 1918లో హైదరాబాదు సంస్థానము చట్టము చేసి సొంత నోట్లు వెలువరించెను. తుంగభద్రకు ఆవలి రాయచూరు సీమలో అవి చెల్లుచుండ, ఈవల మా ఆదవాని తాలూకాలో ఆంగ్లప్రభుత్వపు రూపాయి చెల్లుచుండెను. ఆ ప్రభుత్వమును రెండవ యుద్ధకాలమున, 1943లో, కానీ నడుమ రంధ్రము చేసి లోహమును పొదుపు చేసెను.

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యెను. అది ప్రత్తి ఏరు కాలము. పెద్దకడుబూరు ప్రాంతమున కూలి ఇచ్చుటకు చిన్న నోట్లు లేక, ఒక అంగడి పేర చీటీలు వ్రాసి ఇచ్చుట మేము చూచితిమి. ఆ చీటీకి ఆ యంగడిలోనే బియ్యము, నూనె కొనవలెను. ధర వారు చెప్పినదే. ఆకలి తీరినమాట నిజమే. కాని చెమటోడ్చిన స్త్రీల కూలి ఒక్క అంగడి గడపలో బందీ అయ్యెను. వారిలో కొందరు చీటీలోని అంకెను మాచేత చదివించుకొనిరి. రొక్కముగా తీర్చు గడువు దానిలో లేదని మేము చెప్పువరకు వారికి తెలియదు.

జర్మను పట్టణముల ధనమందును దోషములున్నవి. సేకరించువారికి అమ్ముకొనుటకే రంగురంగుల నోట్లు అచ్చువేసిన యూళ్లు కలవు. అయినను పెక్కింటిపై ఇచ్చినవారి పేరును, చెల్లు గడువును ఉండెను. ఊరిలో ఏ యంగడియైనను పుచ్చుకొనెను. ధనమనగా లోహము కాదు, మాట. ఆ మాటను చదువగలవారికే దానిని నిలుపుమని అడుగు శక్తి కలుగును.

కావున చదువరులారా, ఆపద మరల రాకముందే మన యిండ్లలోను చేలలోను పనిచేయు స్త్రీలకు అంకెలను, అక్షరములను నేర్పుదము. వారి చేతిలో చెల్లుబాటు తప్పని నాణెమదియే.