సమముగా చూచు కన్ను

చెవితో విన్న మాట కొంతకాలము నిలుచును. కన్నులార చూచిన పని చిరకాలము నిలుచును. కుండను చేయు విధమును నూరు వాక్యములలో వ్రాసి చెప్పినను, సారెపై మట్టిముద్ద లేచి కుండగా మారుటను ఒక్కమారు చూచిన బాలునకు కలుగు బోధ ఆ వాక్యముల వలన కలుగదు. కావుననే కదలుబొమ్మ పుట్టిన నాటినుండియు దానికిని విద్యకును చుట్టరికము కలిగినది.

ఈ చుట్టరికమును చెప్పునపుడు ఒక బఠానీ మొక్క తలపునకు వచ్చును. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ చిత్రమును ప్రదర్శించెను. దానికి ముందు, 1912లో, ఆయన ఒక కుండీలో బఠానీ గింజను నాటి, అది మొలకెత్తి పెరుగుటను కెమెరాతో కొంచెము కొంచెముగా చిత్రించెను. ఎన్నో దినములు పట్టిన పెరుగుదల తెరపై క్షణములలో ముగిసెను. ఆ చిన్న చిత్రమును చూచినవారు ఆశ్చర్యపడి, ఆయన తలపెట్టిన పెద్ద చిత్రమునకు సాయపడ ముందుకు వచ్చిరి. అందు రాజులు లేరు, యుద్ధములు లేవు. కంటికి అందని దానిని కంటికి చూపుట యొక్కటే దాని గొప్ప.

నాడు కెమెరా కొరకు ఫాల్కే లండను నగరము దాక పోవలసివచ్చెను. నేడు అది సెల్‌ఫోనులో ఇమిడి పెక్కు ఇండ్లలో నున్నది. సాధనము దొరకుట సులభమైనది. కాని దానితో దేనిని చూడవలెను, ఎట్లు చూడవలెను అను ప్రశ్న మాత్రము నాడెంత కష్టమో నేడును అంతే కష్టము. ఆ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పినవారిలో, బడి మెట్లు ఎక్కని పల్లెటూరి స్త్రీలు కొందరు కలరు.

తెలంగాణ రాష్ట్రమున, నేటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు పట్టణమునకు సమీపమున పస్తాపూరు అను గ్రామము కలదు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ 1983లో ఆ ప్రాంతమున పని ప్రారంభించెను. చుట్టుపట్ల గ్రామములలోని పేద దళిత స్త్రీలు సంఘములుగా నేర్పడిరి. వానపై ఆధారపడిన మెట్టనేలలలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది మొదలగు పంటలను కలిపి పండించుచు, పాతకాలపు విత్తనములను కాపాడుచు వచ్చిరి. వారిలో పెక్కుమందికి అక్షరములు రావు. అయినను ఏ నేలకు ఏ గింజ సరిపడునో, ఏ కార్తెలో ఏ విత్తు వేయవలెనో వారికి తెలియును. ఆ తెలివి పుస్తకములలో లేదు. వారి చేతులలోను, నోళ్లలోను ఉన్నది. చేతులు వణకి, నోళ్లు మూతపడిన నాడు అదియు వారితోనే పోవును.

ఇట్టి స్త్రీలలో కొందరు 1990 దశాబ్దపు చివరి సంవత్సరములలో వీడియో కెమెరాను పట్టుట నేర్చుకొనసాగిరి. కొడవలి పట్టిన చేతికి కెమెరా క్రొత్త. చదువు రాని వానికి కలము పరాయిది కావచ్చును. కాని చూచుటకును, మాటలాడుటకును అక్షరములతో పని లేదు. ఈ మర్మమును గ్రహించిన పిమ్మట వారికి జంకు తీరెను. 2001లో ఈ పనికై కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడెను. తమ పంటలను, విత్తనములను, పండుగలను, కష్టములను వారు తామే చిత్రించి, తామే కూర్చి, తమవారికిని పైవారికిని చూపసాగిరి.

కెమెరా నేర్చుకొను కాలమున వారు చేసిన ఒక చిన్న పని ఎల్లరు తెలిసికొనదగినది. కెమెరాను ఎక్కడనుంచి చూపినచో బొమ్మ ఎట్లు మారునో వారు గమనించిరి. ఒకరు ఎత్తునను, ఒకరు పల్లమునను ఉన్నట్లు తోచు షాట్‌లు కొన్ని. చూచువాని కన్నును, చూడబడువాని కన్నును ఒకే మట్టమున నిలుపు షాట్‌లు మరికొన్ని. వీనికి ఆంగ్లమున సాంకేతిక నామములు కలవు. ఆ పేర్లు వారి నోట తిరుగలేదు. వారి బ్రతుకునుండియే వారు క్రొత్త పేర్లు పెట్టుకొనిరి. హెచ్చుతగ్గులున్న చూపు ‘పటేల్ షాట్’ అయ్యెను. కన్నులు రెండును సమముగా కలియు చూపు ‘సంఘం షాట్’ అయ్యెను. సంఘమున ఎవరును ఎక్కువ గాదు, ఎవరును తక్కువ గాదు కదా! కెమెరాను ఏ మట్టమున నిలుపవలెనన్నది యంత్రమునకు సంబంధించిన విషయమని పండితులు తలచిరి. అది మర్యాదకు సంబంధించిన విషయమని ఆ స్త్రీలు గుర్తించిరి.

ఈ చూపుతోనే వారు తమ గ్రామములు దాటి పోయిరి. 2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి ప్రభుత్వము అనుమతి నిచ్చెను. ఆ పంట మేలు కీళ్లను గూర్చి నాటికిని నేటికిని భిన్నాభిప్రాయములు కలవు. ట్రస్టు స్త్రీలు వరంగల్లు జిల్లాకు పోయి, ఆ విత్తనమును వేసిన రైతుల పొలములకు మరల మరల వెళ్లి, విత్తు మొదలు పంట దాక జరిగినదానిని చిత్రించిరి. విత్తనమునకు ఎంత పెట్టితిరి, మందునకు ఎంత పెట్టితిరి, చివరకు చేతికెంత వచ్చినది అని అడిగిరి. అడిగినవారు రైతులు, చెప్పినవారును రైతులు. కావున జవాబులు దాపరికము లేక వచ్చినవి. ఆ చిత్రము దేశవిదేశములలో ప్రదర్శింపబడెను. ఎంతటి పెద్ద చర్చలో నైనను రైతు తన మాటను తానే చెప్పుకొనవచ్చునని అది నిరూపించెను.

చిన్న వీడియోకు మరియొక గుణము కూడ కలదు. అది విసుగెరుగని గురువు. అమెరికాలో సల్మాన్ ఖాన్ అను నొకరు కలరు. ఈయన సినిమా నటుడు గాడు, లెక్కలు చెప్పువాడు. 2004లో ఆయన దూరమున నున్న తన బంధువుల బాలికకు ఫోనులోను, కంప్యూటరు మీదను గణితము బోధింపనారంభించెను. మరికొందరు బాలురును చేరగా, 2006 నుండి తన పాఠములను చిన్న వీడియోలుగా చేసి యూట్యూబులో నుంచెను. నల్లని తెరపై రంగు గీతలు, వెనుక ఆయన కంఠస్వరము, అంతియే. ఎదుట కూర్చుండి చెప్పుటకన్న వీడియోయే మేలని ఆయన బంధువులు చెప్పిరట! దానికి కారణము లేకపోలేదు. తెలియని చోట వీడియోను నిలుపవచ్చును. సిగ్గుపడక పదిమారులు మరల చూడవచ్చును. “ఇంకను అర్థము కాలేదా?” అని అది కసరుకొనదు.

ఇట్టి పని ఎనిమిదవ తరగతి చదువు బాలికకు సాధ్యమా? సాధ్యమే. ఒక బాలిక తన అవ్వ విత్తనములు దాచు విధమును మూడు నిమిషముల వీడియోగా చేయబూనెననుకొనవచ్చును. మొదట ఆమె ఫోను చేతబట్టి, కూర్చుండియున్న అవ్వ మీదికి వంగి నిలుచును. వెనుక వాకిటి వెలుతురు పడి అవ్వ ముఖము నల్లబడును. చేయి కదలి బొమ్మ ఊగును. వీధిలో పోవు బండి మ్రోతలో అవ్వ మాట వినబడదు. తెరపై అవ్వ చిన్నదై, బెదరినదై కనబడును. ఇది తొలి ప్రయత్నము. దీనిని చూచి నవ్వవలసిన పని లేదు. నేర్చుకొనవలసినది చాల కలదు.

రెండవ దినమున ఆ బాలిక ముందుగా కాగితముపై ఆరు గళ్లు గీసి, దేని తరువాత ఏది చూపవలెనో బొమ్మలు వేసికొనును. వెలుతురు అవ్వ ముఖముపై పడునట్లు ఆమెను కూర్చుండబెట్టును. ఫోనును అడ్డముగా, కదలకుండ, పీటపై ఆనించును. తలుపు మూసి, దగ్గరగా జరిగి, అవ్వ యెదుట నేలపై తానును కూర్చుండును. మొదట ఇల్లంతయు, పిదప అవ్వను, ఆ పిదప అవ్వ చేతులను మాత్రమే చిత్రించును. ఆ చేతులు జొన్నలలో బూడిదను కలిపి, వేపాకు పరచి, వెదురుబుట్ట మూతిని మట్టితో అలుకుచుండును.

“అవ్వా, బూడిద ఎందుకు కలుపుతవు?”

“పురుగు పట్టకుండ, బిడ్డా. ఈ మాట ఇన్నేండ్లల్ల నన్నెవరడిగిండ్రు?”

ఆ జవాబుతోనే ఆ వీడియోకు ప్రాణము వచ్చును. ప్రశ్న అడుగబడని కారణముచేత ఎన్ని యిండ్లలో ఎంత విద్య అణగిపోయినదో ఎవరు లెక్కింపగలరు? అవ్వ పోయిన పిమ్మట బుట్ట మిగులును. బూడిద యెందుకో చెప్పువారు మిగులరు.

తీసిన దానిని కూర్చునపుడు ఎక్కువ జాగ్రత్త కావలయును. ఒక వాక్యమును తొలగించినచో మాటకు అర్థము మారవచ్చును. కావున అవ్వ అననిది అన్నట్లు కూర్చరాదు. ఇతరులకు చూపుటకు ముందు అవ్వకే చూపి, ఆమె సమ్మతిని పొందవలయును. ఆమె వలదన్న భాగమును తీసివేయవలయును. వెనుక సంగీతము, మెరుపులు, రంగురంగుల అక్షరములు లేకున్నను లోటు లేదు. ఫాల్కే బఠానీ మొక్కకు ఏ యలంకారము నుండెను?

పస్తాపూరు ప్రాంతపు స్త్రీలు నేర్పిన పాఠము ఇదియే. తెలిసికొనదగినది దూరమున నున్నదని తలచువాడు ఇంటనున్న దానిని ఎరుగడు. ఎరిగినవారి యెదుట నేలపై కూర్చుండి, వారి కన్నుల మట్టమునకు తన కన్నును దించి చూచువానికి, చిన్న ఫోనే పెద్ద గ్రంథము కాగలదు. ఎత్తునుండి చూచిన కన్నునకు అవ్వ ముసలిది. సమముగా చూచిన కన్నునకు ఆమె గురువు.