నీళ్ళూ ఒక దినుసే

1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పత్రిక ఒకటి, కాక్‌టెయిల్ అంటే మందు, చక్కెర, నీళ్ళు, బిట్టర్స్ అని రాసింది. ఓల్డ్ ఫ్యాషన్డ్‌లో ఇప్పటికీ అవే. నీళ్ళు మాత్రం ఐసు కరిగి వస్తాయి. 60 మిల్లీలీటర్ల విస్కీని పెద్ద ఐసుముక్కలతో అర నిమిషం మెల్లగా తిప్పుతాను. తక్కువ తిప్పితే గొంతు మండుతది, ఎక్కువైతే చప్పగైతది. సరిగ్గా ఆగితే చేదు వెనక నారింజ తొక్క వాసన తెలుస్తది.

ఆత్మకూర్‌లో బాపు, దసరా ఒక్కనాడు తప్ప, క్వార్టర్ సీసా గోడచాటున గబగబా తాగేటోడు. రుచి చూసే తీరిక ఆయనకెవరిచ్చిండ్రు? ఆయనది తాగుడన్నరు, నాది అభిరుచి అంటున్నరు. నా గ్లాసులు మూడైతే ఆయన క్వార్టరే.

ఈ దసరాకు ఆయనకొకటి కలిపిస్తా. నీళ్ళెంతో ఆయన్నే చెప్పమంటా.