నాయిన చూడని పద్దు

"కారేమైంది సార్?" అని మా పిల్లలు ఇంకా అడుగుతనే ఉన్నరు. చెప్తా. కొంచెం లెక్కలుంటయ్, ఓపిక పట్టండి.

ఆ రాత్రి హైదరాబాద్ నుంచి వస్తున్న. డిండి దాటినంక అడవిపందులు అడ్డమొచ్చినయ్. తప్పించబోయి చెట్టుకు కొట్టిన. నా చెయ్యి విరిగింది, ఇంజన్ లోపలికొచ్చింది. పీరియడ్ లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్‌ని. కారు పోయినా దాని కిస్తీ పోదు కదా.

షెడ్డోళ్లు రిపేరుకు 3,46,000 అన్నరు. పాలసీలో బండి విలువ, అంటే ఐడీవీ, 4,20,000. అదెట్లొచ్చిందంటే, పాలసీ మొదలైన నాటికి కంపెనీ అమ్మే ధర ఆరు లక్షలు. రెండేండ్లు దాటి మూడేండ్లు నిండని బండి కాబట్టి 30 శాతం తరుగు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండి మొత్తం పోయినట్టే లెక్క. నాది దాటింది.

సర్వేయర్ వచ్చి బండి చుట్టూ తిరిగిండు. వెనుక అద్దం మీద జై భీమ్ స్టిక్కర్ చూసి, "ఊర్ల భూమేమన్న ఉందా?" అన్నడు. కారు ఇన్సూరెన్సుకు భూమితోని ఏం పని? అప్పటిదాంక "మీరు" అన్న మనిషి అక్కడినుంచి "నువ్వు" అన్నడు. కులం చూసే అట్ల అన్నడని నేను రుజువు చెయ్యలేను. అందరితోని అట్లనే మాట్లాడుతడేమో. చెవికైతే తెలుస్తది.

"మార్కెట్ల ఈ బండికి మూడు లక్షల పదివేలకంటే రావు. ఒప్పుకుంటే వారంల పైసలు. లేదంటే తిరుగుడే."

ఇంటికొచ్చి చెప్తే నాయిన, "ఇచ్చింది తీస్కో కొడుకా, ఆఫీసులతోని మనకెందుకు" అన్నడు. నాయిన పన్నెండేండ్లు పటేల్ దగ్గర జీతమున్నడు. ఎంత అప్పు తీరిందో, ఎంత మిగిలిందో పటేల్ పద్దులో ఉండేది. ఆ పద్దు నాయిన ఒక్కసారి కూడా చూడలేదు. చూపియ్యమని అడగొచ్చనే ఆలోచనే రాలేదంట.

ఆ రాత్రి పాలసీ పుస్తకం తీసిన. తెలుగులో పీహెచ్‌డీ చేసినోడికి ఆ ఇంగ్లీషు ప్రబంధం కన్నా కష్టం. మూడోసారికి దొరికింది: మొత్తం నష్టం క్లెయిముల్లో, పాలసీ కాలమంతా ఐడీవీనే మార్కెట్ విలువగా చూడాలె, ఇంకో తరుగు తీయొద్దు. అంటే సర్వేయర్ చెప్పే "మార్కెట్" వాళ్ల కాగితంలోనే లేదు.

ఫోన్లు బంద్ చేసి, ఎడమ చేత్తోనే మెయిల్ రాసిన. సర్వే రిపోర్టు కాపీ ఇయ్యండి, మూడు లక్షల పది ఏ లెక్కనో రాసి పంపండి, ఆ షరతుకు ఇది ఎట్ల సరిపోతదో చెప్పండి. జవాబు లేదు. తర్వాత వాళ్ల ఫిర్యాదుల అధికారికి పంపిన. నెల దాకా జవాబు రాకుంటే, వచ్చినా న్యాయం కాకుంటే, హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోతనని అందులనే రాసిన. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. తమ్ముళ్లూ, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఇంకోటి: తుక్కు మీరే ఉంచుకుంటే దాని విలువ కోసుకుంటరు, అప్పజెప్తే కొయ్యరు. ఈ రెండూ కలిపి గందరగోళం చేస్తరు.

ఇరవై మూడో రోజు ఫోనొచ్చింది. ఈసారి "సార్" అన్నరు. 4,20,000లో తప్పనిసరి మినహాయింపు వెయ్యి పోను 4,19,000.

అంతా గెలవలేదు. బండి నిలబెట్టినందుకు షెడ్డోళ్లు రోజుకింత అని పద్నాలుగు వేలు తీసుకున్నరు. దానికి ముందే మాట్లాడుకోవాల్సింది, నా తప్పే. బ్యాంకోళ్లు బాకీ రెండు లక్షల ఐదు వేలు ముందే పట్టుకున్నరు.

సర్వే రిపోర్టు కాపీ కూడా వచ్చింది. నాయినకు చదివి వినిపించమన్నడు. బంపర్, రేడియేటర్, ఇంజన్, ఒక్కోదానికి ఎంతెంతో, మొత్తం రెండు పేజీలు. నడుమల ఆపి, "ఇది మనకే ఇచ్చిన్రా? మల్ల తిరిగియ్యాల్నా?" అని అడిగిండు.

ఇప్పుడు పొద్దున ఏడింటి బస్సుకే కాలేజీకి పోతున్న.