ఎవరి ఆది?

మా తమ్ముడు అమెరికా పోతూ నాకు వదిలిపెట్టిన ఆస్తి ఒక మౌంటెన్ బైకు. సింగరేణిలో వారసత్వం అనే మాటకి ఒకటే అర్థం, తండ్రి ఉద్యోగం కొడుక్కి రావడం. మా బాపు పూర్తి సర్వీసు చేసి దిగిపోయాడు కాబట్టి ఆ పేచీ మా ఇంట్లో రాలేదు. అందుకని తమ్ముడి సైకిలు అక్కకి రావడాన్నే మేం నవ్వులాటకి వారసత్వం అనుకున్నాం. వాడూ నేనూ దాదాపు ఒకే ఎత్తు. సీటు దించాల్సిన పని కూడా పడలేదు. ఎత్తు సరిపోయింది కదా, ఇక సైకిలు నాదే అనుకున్నాను.

దానిమీద ఏడాదిపాటు తిరిగాను. గోదావరిఖని నుంచి యైటింక్లయిన్ కాలనీ మీదుగా సెంటినరీ కాలనీ దాకా, అక్కణ్ణించి రామగిరి ఖిల్లా కిందికి. ఈ దారులు ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బొగ్గు టిప్పర్లు తిరిగి తిరిగి రోడ్డు సిమెంటు రేకులా అలలు తేలి ఉంటుంది. రోడ్డు దిగితే మొరం, ఖిల్లా దగ్గరికి వచ్చేసరికి బండలు. ఇంటికి చేరేసరికి నా అరచేతులు తిమ్మిరెక్కేవి, మణికట్లు రాత్రంతా సలిపేవి. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఆ రెండు కాళ్ళు, అదే ఫోర్కు, కుదుపుని మింగడానికే పెట్టారని నాకు తెలుసు. అయినా కుదుపంతా నా చేతుల్లోకే వచ్చేది. దానికి నేను చెప్పుకున్న కారణాలు వరుసగా ఇవి: పన్నెండేళ్ళు కంప్యూటరు ముందు కూర్చున్నాను, ముప్పై అయిదు దాటాయి, చేతుల్లో బలం లేదు, చిన్నప్పటినుంచీ ఆటలాడినదాన్ని కాదు. కారణాలన్నీ నా వొంట్లోనే దొరికాయి. ఫోర్కుని ఒక్కసారీ అనుమానించలేదు.

కరీంనగర్ వైపు ఒక ఆదివారం కొందరం కలిసి తొక్కుతుంటే, ఇంజినీరింగ్ చదివే ఒక అమ్మాయి నా పక్కకి వచ్చి, "అక్కా, మీ ఫోర్కులో గాలి ఎంతుంది?" అని అడిగింది. ఫోర్కులో గాలి ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఎడమ కాలి పైన ఒక మూత ఉంటుంది, విప్పితే మోటారు సైకిలు ట్యూబుకి ఉన్నలాంటి వాల్వే. ఆ అమ్మాయి తన సంచిలోంచి చిన్న పంపు తీసి తగిలించింది. ముల్లు 118 దగ్గర ఆగింది. "మీ తూకమెంత?" అంది. చుట్టూ అరడజను మంది ఉన్నారు. నేను గొంతు తగ్గించి 56 అన్నాను. పరిశోధన పత్రాల్లో స్త్రీ శరీరం గురించి పేజీలకి పేజీలు రాసిన మనిషిని, నా సొంత శరీరం తూకం అంకె చెప్పడానికి గొంతు తగ్గించాను! ఆ అమ్మాయి నవ్వలేదు. "ఇది 80 కిలోల పైన ఉన్నవాళ్ళ గాలి అక్కా," అంది. మా తమ్ముడు 84.

ఇంటికొచ్చి ఫోర్కు కాలి వెనక అంటించిన చీటీ చూశాను. ఏ బరువుకి ఎంత గాలి పట్టాలో దానిమీద ఉంది. పైన తొమ్మిదేసి కిలోలకి ఒక వరుస చొప్పున విడివిడిగా రాశారు. కింద మాత్రం ఒకటే వరుస, 63 కిలోల లోపు. నలభై కిలోల పిల్లా, నేనూ, అరవై కిలోల సన్నపాటి మగవాడూ అందరం ఆ 'లోపు'లోనే. పైవాళ్ళకి వరుసలు, మనకి ఒక గంప. మా సాహిత్య చరిత్రల్లో చివర వచ్చే 'రచయిత్రులు' అనే అధ్యాయం గుర్తొచ్చింది.

పంపు కొన్నాను. టైర్లకి కొట్టే పంపు దీనికి పనికిరాదు. ఫోర్కులో పట్టే గాలి గుప్పెడే, ఒత్తిడి మాత్రం ఎక్కువ. పెట్రోలు బంకు గొట్టం అసలు తగిలించకూడదు, ఒక్క క్షణంలో హద్దు దాటిపోతుంది. పంపు తగిలించిన ప్రతిసారీ గొట్టంలోకి కాస్త గాలి పోయి ముల్లు తక్కువ చూపిస్తుంది. తెలియక అదే లీకు అనుకుని రెండు రోజులు కంగారు పడ్డాను.

అసలు కొలత గాలిది కాదు, దిగుడుది. ఇంగ్లీషులో శాగ్ అంటారు. మనిషి ఎక్కి నిలబడితే, కదలకుండా ఉన్నప్పుడే ఫోర్కు కొంత కిందికి దిగాలి. నా ఫోర్కు మొత్తం 100 మిల్లీమీటర్లు కదలగలదు. అందులో అయిదో వంతు, అంటే 20 దాకా, నా బరువుకే దిగి ఉండాలి. అలా దిగి ఉంటేనే చక్రం గుంతలో పడ్డప్పుడు కాలు సాగి నేలని వదలకుండా ఉంటుంది, రాయెక్కినప్పుడు ముడుచుకుంటుంది. దీన్ని కొలవడానికి ఒంటరిగా వల్లకాదు. పైన నిలబడే మనిషి ఒకరు, సైకిలు పట్టుకునేవాళ్ళు ఒకరు కావాలి. బాపు బయటికి పోయి ఉన్నాడు. అవ్వని పిలిచాను.

అవ్వ కార్టర్లలో ఉన్నప్పటినుంచీ జాకెట్లు కుడుతుంది. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని హ్యాండిలు పట్టుకుంది. నేను నీళ్ళ సీసా, సంచీ అన్నీ తగిలించుకుని పెడళ్ళ మీద నిలబడి నాలుగుసార్లు మెల్లగా ఊగి ఆగాను. నున్నటి కాలి మీద రబ్బరు రింగొకటి ఉంటుంది. దాన్ని సీలు దాకా తోసి, కుదుపు లేకుండా కిందికి దిగాలి. రింగుకీ సీలుకీ మధ్య ఉన్న జాగాయే దిగుడు. అవ్వ మెడలో ఉన్న టేపు తీసి పెట్టింది. ఎనిమిది మిల్లీమీటర్లు.

"ఎంతుండాలె?"

"ఇరవై."

"మరి గిదెవరి ఆది మీద కుట్టిన్రే?"

ఆది జాకెట్టు సంగతి మనలో తెలియనివాళ్ళుండరు. సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటిచ్చి, దీని కొలతకి కుట్టమంటాం. అవ్వ మాత్రం ఎవరు ఆది ఇచ్చినా మళ్ళీ మనిషిని నిలబెట్టి టేపు పెడుతుంది. ఇచ్చిన ఆది పెళ్ళినాటిది కావచ్చు, వదినెది కావచ్చు, ఆ మనిషే దాని లోపల ఊపిరి బిగపట్టుకుని బతుకుతూ ఉండవచ్చు. బిగుతయితే జాకెట్టుని తప్పు పట్టరట, "నేను లావైన" అంటారట. నేను ఏడాదిగా చేసిన పని అదే.

గాలి కొద్దికొద్దిగా వదులుతూ, ప్రతిసారీ ఎక్కి దిగుతూ, గంటసేపట్లో 68 దగ్గరికి వచ్చాం. దిగుడు 19. అప్పటికి బాపు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళకి పైగా ఇంక్లయిన్‌లో పనిచేసిన మనిషి. ఈ మెత్తదనమేమిటో నేను వివరించబోతే ఆయనే అందుకున్నాడు. "కట్టె ప్రాపు మాట్లాడుతది బిడ్డా. ఇరిగే ముందు పటపటమంటది, మనిషి ఉరికొస్తడు. ఇనుపది మాట్లాడది. గందుకే దానికి దిగే గుణం పెట్టిన్రు." బొగ్గు తీసినచోట కప్పు కింద నిలబెట్టే 40 టన్నుల హైడ్రాలిక్ ప్రాపు అంతే. బరువు హద్దు దాటితే లోపలి వాల్వు తెరుచుకుని ప్రాపు ఇంచిఇంచిగా కిందికి దిగుతుంది. మొండిగా నిలబడితే వంగి విరుగుతుంది. బాపు ఇన్నేళ్ళలో నాతో బావి లోపలి సంగతి ఇంత వివరంగా చెప్పింది తక్కువ. అడగనిదీ నేనేనేమో.

మర్నాడు దారి కొత్తగా ఉంది. నాలుగు కిలోమీటర్లు. ఆ తర్వాత టిప్పర్ల రోడ్డు మీది అలల దగ్గర మళ్ళీ చేతులు బిగుసుకోవడం మొదలైంది. మొదట ఏమీ అర్థం కాలేదు, గాలి మళ్ళీ నింపుదామా అనిపించింది. అసలు సంగతి కుడి కాలి అడుగున ఉన్న ఎర్ర బిరడాలో ఉంది. ఒకవైపు తాబేలు బొమ్మ, ఒకవైపు కుందేలు బొమ్మ. ముడుచుకున్న ఫోర్కు ఎంత వేగంగా తిరిగి లేవాలన్నది దాని పని, రిబౌండ్ అంటారు. తమ్ముడి బరువుకి పట్టిన గాలి బలంగా తోస్తుంది కాబట్టి దాన్ని ఆపడానికి బిరడా తాబేలు వైపు తిప్పి ఉంచారు. నేను గాలి తగ్గించాను, బిరడా అలాగే వదిలేశాను. దాంతో ఒక దెబ్బకి ముడుచుకున్న ఫోర్కు పూర్తిగా లేవకముందే రెండో దెబ్బ, అది సర్దుకోకముందే మూడోది. నాలుగైదు దెబ్బలయ్యేసరికి అది అట్టడుగున బిగుసుకుపోయి ఉంది. చూసేవాళ్ళకి ఫోర్కు గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. కుందేలు వైపు ఒక్కో క్లిక్కు తిప్పుకుంటూ అదే రోడ్డు ముక్క మీద ఆరుసార్లు పోయి వచ్చాను. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నాననుకున్నారు.

ఇక్కడ నా థీసిస్ గురించి చెప్పక తప్పదు. బొగ్గుబావుల కథల్లో స్త్రీల మీద చేశాను. అల్లం రాజయ్య మొదలుకుని సింగరేణి రచయితలు గని కార్మికుడి బతుకుని తెలుగు కథలోకి తెచ్చిన తీరు చిన్నది కాదు. నా ఫిర్యాదు వాళ్ళ మీద కాదు, నామీద. నాలుగో అధ్యాయంలో కార్మికుడి భార్య ఓర్పుని నేను ప్రతిఘటన అని రాశాను. బోనులో దిగిన మనిషి తిరిగొస్తాడో లేదో, తాగొచ్చి కొడతాడో, జీతం చీటీల వ్యాపారి దగ్గరే ఆగిపోతుందో తెలియని ఆడమనిషి దెబ్బ మీద దెబ్బ తింటూ నిలబడి ఉండటాన్ని బలమన్నాను. పరీక్షకులు ఆ అధ్యాయాన్నే మెచ్చుకున్నారు. రెండు దెబ్బల మధ్య ఆమెకి లేచే వ్యవధి ఉందా అని నేను ఏ కథనీ అడగలేదు. ఆ అధ్యాయం అచ్చు వేస్తామని ఒకరు అడిగితే ఈ మధ్యే వద్దన్నాను. తిరిగి రాస్తున్నాను, ఎప్పటికవుతుందో.

స్త్రీల కోసం వేరే సైకిళ్ళు కావాలా అన్న వాదన బయట చాలాకాలంగా ఉంది. 1989లో పాల్ టర్నర్ రాక్‌షాక్స్ మొదలుపెట్టాక ఈ ఫోర్కులు మౌంటెన్ బైకుల మీదికి వచ్చాయి. మరుసటి ఏడు డురాంగోలో జరిగిన తొలి అధికారిక ప్రపంచ పోటీల్లో స్త్రీల క్రాస్ కంట్రీ గెలిచింది జూలీ ఫుర్టాడో. తర్వాత ఆమె పేరు మీదనే జూలియానా సైకిళ్ళు వచ్చాయి. వాటి చట్రం మగవాళ్ళకి అమ్మే శాంటా క్రూజ్ సైకిలుదే. రంగు మారుతుంది, షాకబ్జర్లు తక్కువ బరువుకి తగ్గట్టు సర్దుతారు. రంగు సంగతి ఎలా ఉన్నా ఆ రెండోది నాకు న్యాయంగానే తోస్తుంది. 1952 నాటి గనుల చట్టం స్త్రీలని భూగర్భంలో పనికి పోనివ్వలేదు. 2019లో షరతులతో సడలింపు ఇచ్చారు. చట్టం తలుపు తెరవడం ఒక ఎత్తు. లోపల బూటు ఎవరి పాదానికి, నడుముకి కట్టే బ్యాటరీ ఎవరి నడుముకి అని అడగడం ఇంకో ఎత్తు.

సర్దుకోవడం అయ్యాక మిగిలింది కాపాడుకోవడం. ఇది మా ఊళ్ళో మామూలు పని కాదు. బొగ్గు నలుసూ, ఎన్టీపీసీ వైపునించి వచ్చే బూడిదా కలిసి ఆ నున్నటి కాళ్ళ మీద పేరుకుంటాయి. తుడవకపోతే సీళ్ళు వాటిని లోపలికి లాక్కుంటాయి. తిరిగొచ్చిన ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడుస్తాను, నీళ్ళ ప్రెషరు కొట్టను, గొలుసుకి కొట్టే స్ప్రే సీళ్ళ మీద పడనివ్వను. 50 గంటల సవారీకి ఒకసారి కింది కాళ్ళు విప్పి నూనె మార్చాలి. నోటుపుస్తకంలో గంటలు రాసుకుంటాను. మొదటిసారి విప్పించడానికి ఒక మెకానిక్ దగ్గరికి పోతే, "సార్ నంబరివ్వండి, ఆయనతో మాట్లాడుత" అన్నాడు. తిరిగి వచ్చేసి నేనే విప్పాను. ముందు గాలి మొత్తం తీసేయాలి, ఇది మరిచిపోతే ప్రమాదం. అడుగున ఉన్న రెండు బోల్టులు కొన్ని మరలు వదులు చేసి, రబ్బరు సుత్తితో మెల్లగా కొడితే లోపలి కడ్డీలు ఊడతాయి. బోల్టులు పూర్తిగా తీసి కింది కాళ్ళని లాగితే పాత నూనె కారుతుంది. నల్లగా, కషాయంలా ఉంది. సీళ్ళ కింద ఉండే స్పాంజి రింగుల్ని పిండితే బూడిద దిగింది. అవి కడిగి, కొత్త నూనెలో నానబెట్టి, మాన్యువల్‌లో చెప్పినన్ని మిల్లీలీటర్లు ఒక్కో కాల్లో పోసి బిగించాను. కుడి కాలి లోపలి డ్యాంపరు జోలికి మాత్రం పోలేదు. అది నాకు రాదు, హైదరాబాదు పంపిస్తాను.

ఆ సాయంత్రం టేపు చేతిలో ఉందిగదా అని అవ్వ మిషను కొలిచాను. కూర్చునే స్టూలుకి అది రెండు వేళ్ళు ఎత్తు. అవ్వ కుడి భుజం పదిహేనేళ్ళుగా నొప్పి. స్టూలు కింద చెక్క పెడతానన్నాను.

"ముప్పై ఏండ్ల సంది గట్లనే కుడుతున్న. ఇప్పుడు మారిస్తే కుట్టు వంకర పోతది," అంది.

నేను బలవంతపెట్టలేదు. మూడో రోజు చూస్తే స్టూలు మీద మడతపెట్టిన పాత దుప్పటి ఉంది. దాని సంగతి తనూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. నా నోటుపుస్తకంలో ఇవాళ్టికి 31 గంటలు. వానలు మొదలైతే 50 దాకా ఆగకుండా ముందే విప్పాల్సి వస్తుందేమో.