మసిగుడ్డ లెక్క

క్రిందటి సంవత్సరం మా కాలేజీలో సమాసాలు చెబుతూ, పుస్తకంలో లేని మాట ఒకటి ఇద్దామన్న బుద్ధి పుట్టి, బోర్డు మీద "మసిగుడ్డ" అని రాసి విగ్రహవాక్యం చెప్పమన్నాను. క్లాసంతా నిశ్శబ్దం. మసి అంటే తెలుసు, గుడ్డ అంటే తెలుసు, రెండూ ఒకచోట చేరితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. చివరికి ఒక కుర్రాడు లేచి, "మసి అయిపోయిన గుడ్డండీ" అన్నాడు. వ్యాకరణం ప్రకారం తప్పు పట్టటానికి లేదు. "అది కాదు నాయనా, స్టౌ గట్టు మీద పాలు ఒలికితే మీ ఇంట్లో దేంతో తుడుస్తారు?" అని అడిగాను. నలుగురైదుగురు ఒక్క గొంతుతో "టిష్యూతోనండీ" అన్నారు.

పిల్లల్ని అని ప్రయోజనం లేదు. కట్టెలపొయ్యి పోయాక గిన్నెలకి మసి పట్టటం మానేసింది. మసే లేకపోతే ఆ గిన్నె పట్టుకునే గుడ్డకి ఆ పేరు మాత్రం ఎందుకు? అయితే ఒకప్పుడు తెలుగువాళ్ళ ఇంట్లో గుడ్డపేలికలకి వున్నన్ని ఉద్యోగాలు ఏ కచేరీలోనూ లేవు సుమండీ. వేడిగిన్నె దించేది మసిగుడ్డ. పొయ్యి అలికేది అలుకుగుడ్డ. కుండమూతికి బిగించి కట్టి, దాని మీద కుడుములు ఉడికిస్తే అది వాసెన. పసివాణ్ణి చుట్టేవి పొత్తిగుడ్డలు. ఒక పంచె నాలుగేళ్ళు కట్టి చిరిగితే తుండుగుడ్డలయ్యేది, తుండు మెత్తబడితే పొత్తిగుడ్డ, అదీ చివికితే మసిగుడ్డ, ఆఖరికి అలుకుగుడ్డ. పదవీ విరమణ అన్నది లేని కొలువు.

ఇదంతా తలుచుకుని "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చటానికి కాదు నేను కలం పట్టింది. నా గొడవ డబ్బు గొడవ.

కాగితమంటే నాకు పగ లేదు. పరీక్ష పేపర్లు దిద్దుకుని బతికేదాన్ని. పైగా మాది రాజమండ్రి, కాగితం మిల్లు వున్న వూరు. సరుగుడు కర్రా, సుబాబుల్ కర్రా వేసుకుని మిల్లుకి పోయే లారీలు మాకు కొత్త కాదు. రాసుకునే కాగితం జాగ్రత్తగా దాచుకుంటే వందేళ్ళయినా వుంటుంది. ఒక్క తుడుపుతో బుట్టలోకి పోయే కాగితాన్ని డబ్బు పోసి కొనటం మాత్రం నా మనసుకి ఎప్పుడూ పట్టలేదు. పట్టకపోయినా అది మా ఇంట్లోకి వచ్చింది. 2020లో కరోనా రోజుల్లో, ముట్టుకున్నదల్లా తుడవాలి, తుడిచినదల్లా పారెయ్యాలి అన్న భయంతో వచ్చింది. భయం పోయింది గాని కాగితం పోలేదు.

మా ఇంట్లో ఐదుగురం. అత్తగారు, మావారు, నేను, ఇంజనీరింగు చదివే అబ్బాయి, ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి. మావారు ఒక సహకార సంఘంలో గుమాస్తా. నాది ప్రైవేటు కాలేజీ. వేసవి రెండు నెలలూ సగం జీతమే ఇస్తారు. అందుచేత ఏటా మార్చిలో సరుకుల చీటీలన్నీ ముందేసుకుని కూర్చోవటం నాకు అలవాటు. క్రిందటి మార్చిలో తేలిన లెక్క చెబుతాను వినండి. నెలకి వంటింటి కాగితపు చుట్టలు నాలుగు, రూ. 240. మొహం తుడుచుకునే టిష్యూ పెట్టెలు మూడు, రూ. 210. భోజనాల బల్ల మీద పెట్టుకునే కాగితపు నాప్కిన్లు రెండు కట్టలు, రూ. 90. తడి టిష్యూలు రెండు పొట్లాలు, రూ. 198. వెరసి రూ. 738. ఏడాదికి రూ. 8,856. ఎనిమిది వేల చిల్లర రూపాయలు! వాటిని మా ఇంట్లో ఎవరూ తినలేదు, కట్టుకోలేదు, చదువుకోలేదు. వచ్చే ఏడు అమ్మాయి ప్రవేశపరీక్షల రుసుములకి ఎక్కణ్ణించి తేవాలా అని మేమిద్దరం తల పట్టుకుని కూర్చున్న రోజులవి.

అన్నట్టు, ఈ మొహం తుడిచే కాగితానికి ఒక చిత్రమైన కథ వుంది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయాలకి కట్టు కట్టటానికి దూది చాలక, అమెరికాలో కింబర్లీ క్లార్క్ కంపెనీవారు కర్రగుజ్జుతో దూదిలాంటి మెత్తని సరుకు ఒకటి తయారుచేశారు. యుద్ధం ముగిసింది, సరుకు మిగిలింది. దాన్నే పల్చగా చేసి, మొహాన రాసుకున్న కోల్డ్ క్రీము తుడుచుకోటానికని 1924లో క్లీనెక్స్ అన్న పేరుతో అమ్మకానికి పెట్టారు. కొన్నవాళ్ళు దాంతో ముక్కు చీదుకోవటం మొదలుపెట్టారు. కంపెనీవారు అది కనిపెట్టి, జలుబుని జేబులో మోసుకు తిరగవద్దంటూ 1930ల్లో ప్రకటనలు వేసి, జేబురుమాలుని వెనక్కి నెట్టేశారు. అంటే, దూది దొరక్క దూదికి బదులుగా పుట్టిన కాగితం, పత్తి దండిగా పండే మన దేశానికి వచ్చి నూలుగుడ్డని ఇంట్లోంచి వెళ్ళగొట్టిందన్నమాట!

ఇహ మా ఇంటి సంగతి. బీరువా అడుగున మావగారి పంచెలు మూడు వున్నాయి. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. అత్తగారిని అడగటానికి కాస్త జంకాను గాని, ఆవిడ "దాచి ఏం చేస్తాం, తీసుకో" అన్నారు. ఒక్కొక్క పంచెకీ ఎనిమిది ముక్కలు వచ్చాయి. ఇరవైనాలుగు ముక్కలకీ దర్జీ చేత అంచులు కుట్టించాను, ముక్కకి పది రూపాయల చొప్పున. పాత పంచెకున్న గుణం కొత్తగుడ్డకి రాదు. కొత్తదానిలో గంజీ, నూలుకి పుట్టుకతో వుండే మైనమూ వుండి నీటిని పక్కకి తోస్తాయి. ఉతగ్గా ఉతగ్గా అవి పోయి, నీరు పీల్చుకునే గుణం వస్తుంది. మావగారి పంచెలు ముట్టుకుంటే చాలు, తడి లాగేస్తాయి. బల్ల దగ్గరికి చేనేత చేతితువ్వాళ్ళు డజను కొన్నాను, ఒకటి రూ. 60. జేబురుమాళ్ళు డజను, ఒకటి రూ. 40. మొత్తం పెట్టుబడి రూ. 1,440. రెండు నెలల కాగితం ఖర్చు కంటే ముప్ఫైఆరు రూపాయలు తక్కువ.

ఇంతవరకూ లెక్క సుఖంగానే నడిచింది. గుడ్డలు మడతలు పెడుతుంటే మా ఇంట్లో పనిచేసే ఆవిడ వచ్చి, చీపురు పక్కన పెట్టి, కాసేపు చూసి, "మేడంగారూ, ఈ గుడ్డలు నా లెక్కలోవాండీ, మీ లెక్కలోవాండీ?" అని అడిగింది.

ఎం.ఏ. చదివాను గాని ఒక సమస్యని ఇంత క్లుప్తంగా చెప్పటం నాకు చేతకాదు. రోజుకి పది పన్నెండు గుడ్డలు, జిడ్డువీ, పసుపువీ, ముక్కు తుడిచినవీ. అవి కూడా ఉతకాలంటే నెలకి మూడువందలు ఎక్కువ ఇప్పించమంది. సోడాకి వేళ్ళ సందులు ఒరుసుకుపోతున్నాయని చేతులు చాచి చూపించింది. ఆవిడ అడిగినదాంట్లో అన్యాయమేమీ లేదు. ఆ మూడువందలూ ఇవ్వకుండా ఆ గుడ్డలు ఆవిడ బకెట్లో పడేస్తే, దాన్ని పొదుపు అనరు. ఆవిడ జీతంలో కోత అంటారు. కాగితం ఖరీదు పొట్లం మీద వేసి వుంటుంది. గుడ్డ ఉతికే ఖరీదు ఎక్కడా వేసి వుండదు గనక అది లేదనుకోవటం మనకి సులువు. పొదుపు చిట్కాలు రాసేవారు కూడా పాతగుడ్డలు చింపి వాడుకోండి అంటారే గాని, ఎవరు ఉతకాలో ఒక్కరూ రాయరు.

"మా లెక్కలోవే" అన్నాను.

"మా" అంటే ఎవరో తేల్చింది మా అత్తగారు. పాతకాలం మనిషి గనక ఆవిడ గుడ్డల పక్షాన నిలబడతారని మీరనుకుంటున్నారు కాబోలు. కాదు, ఆవిడ కాగితం పక్షం. ఆ రాత్రి భోజనాల దగ్గర అందరూ వుండగానే అందుకున్నారు:

"అమ్మాయ్, నాకా కాగితపు చుట్టంటే ఎంతిష్టమో నీకు తెలీదు. తుడిచి పారేస్తే మళ్ళీ దాని మొహం చూడక్కర్లేదు. నేను కోనసీమలో కాపురానికి వెళ్ళేటప్పటికి ఆ ఇంట్లో పదిహేనుమందిమి. మీ మావగారి పంచెలు చింపి తుండ్లు చేసింది నేను, తుండ్లు చింపి మసిగుడ్డలు చేసింది నేను. పొద్దున్నే తట్టనిండా వేసుకుని కాలవరేవుకి పోయి బండకేసి బాదింది నేను. పసిపిల్లల గుడ్డలు, మంచంలో వున్న ముసలాయన గుడ్డలు. మగాళ్ళ కంట పడకూడని గుడ్డలు కూడా వుండేవి. వాటికి ఎండలో ఆరే యోగం కూడా లేదు, గడ్డిమేటు వెనకాలే. ఆ ఇంట్లో గుడ్డలు వాటంతటవే శుభ్రమవుతాయనుకునేవారు మీ మావగారు. దేవుడులాంటి మనిషి, కాదనను. కాని అల్లాగే అనుకునేవారు. నీ లెక్కలో డబ్బు మిగులుతుంది, మంచిదే. ఉతికే చెయ్యి ఎవరిదో కూడా ఆ కాగితం మీద రాయి."

మావారు పెరుగన్నం కలుపుకుంటూ తల ఎత్తలేదు. నేను లేచి వెళ్ళి పద్దుపుస్తకం తెచ్చి, వెనక పేజీలో గళ్ళు గీశాను. జేబురుమాళ్ళు ఎవరివి వారే. బల్ల తువ్వాళ్ళు అబ్బాయి. వంటింటి గుడ్డలు వారంలో నాలుగు రోజులు మావారు, మూడు రోజులు నేను. అమ్మాయికి పరీక్షల ఏడాది గనక దాని రుమాళ్ళు తప్ప మరేమీ లేదు. అత్తగారికి అసలే లేదు. "నాలుగు రోజులు నాకెందుకు?" అన్నారు మావారు. "వండేది ఏడు రోజులూ నేను గనక" అన్నాను. ఆ పద్దు మీద మరి చర్చ జరగలేదు.

జిడ్డు లేనివి మామూలు బట్టలతోపాటు మిషనులో పడతాయి. జిడ్డువి మాత్రం వేడినీళ్ళలో సోడా వేసి గంటసేపు నానబెట్టి చేత్తో రుద్దవలసిందే. మొదటి వారం మావారు పసుపు మరక మీద సబ్బు పెట్టగానే అది ఎర్రగా మారేసరికి, ఏదో ప్రమాదం జరిగిపోయినట్టు కేక పెట్టారు. సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. మళ్ళీ కడిగి ఎండలో వేస్తే ఒకటి రెండు రోజుల్లో మరక వెలిసిపోతుంది. ఏ కెమిస్ట్రీ లెక్చరరూ చెప్పకుండానే ఇది అత్తగారికి తెలుసు. కుర్చీ పెరటి గుమ్మంలో వేయించుకుని కూర్చుని, "ఎండలో వెయ్యరా అబ్బాయ్, అదే పోతుంది" అన్నారు. తరవాత చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేదు. ఆ ఇంటి మగవాడు గుడ్డలుతుకుతుంటే కూర్చుని చూడటం ఆవిడకి డెబ్భైనాలుగో ఏట మొదటిసారి. ఇంకోరోజు పనిచేసే ఆవిడ కూడా ఆగి, "బాబుగారూ, అలాక్కాదండీ, ఇంకా గట్టిగా మెలిపెట్టాలండీ" అని పాఠం చెప్పింది.

మా అబ్బాయి శాస్త్రీయంగా పని చెయ్యాలని, సువాసన కోసం బట్టల్లో పోసే ద్రవం ఏదో తెచ్చి తువ్వాళ్ళలో పోశాడు. ఘుమఘుమలాడుతూ మెత్తగా వచ్చాయి. చెయ్యి తుడుచుకుంటే తడి మాత్రం చేతి మీదే వుంది. ఆ ద్రవం నూలుపోగుకి పల్చని పొర పట్టించి నీరు పీల్చనివ్వదు. డజను తువ్వాళ్ళూ తామరాకులయ్యాయి. వేడినీళ్ళలో రెండుసార్లు వేస్తే గాని దారికి రాలేదు.

అసలు కష్టం వానాకాలంలో వచ్చింది. శ్రావణ భాద్రపదాల్లో గోదావరి ఒడ్డున ఏది ఆరుతుంది గనక? ఆరీ ఆరని గుడ్డకి ముక్కవాసన పడుతుంది. అందులో క్రిములు పెరుగుతాయి, అటువంటి గుడ్డతో కంచం తుడవటం కంటే తుడవకపోవటం మేలు. అందుకని పాత లుంగీలు రెండు చింపి ఇంకో జత తయారుచేసి, పంకా కింద తాడు కట్టాం. పచ్చిచేప కోసిన గట్టు తుడవటానికి విడిగా రెండు గుడ్డలు పెట్టి, అవి ఆ పూటే మరిగే నీళ్ళలో వేస్తున్నాం. గారెల నూనె పీల్చటానికి గుడ్డ పనికిరాదు, దానికి చిల్లుల పళ్ళెం కొన్నాను. పాత వార్తాపత్రిక మీద మాత్రం వెయ్యకండి. అచ్చుసిరా ఒంటికి మంచిది కాదని ఆహార ప్రమాణాల సంస్థవారు 2023లో కూడా హెచ్చరించారు. ఇహ జలుబుకీ, వాంతులకీ కాగితమే నయం. ఆ 1930ల నాటి ప్రకటన డబ్బు కోసం చెప్పినా అబద్ధం మాత్రం చెప్పలేదు. రొంప పట్టినవాడి రుమాలు ఇంకొకరి రుమాళ్ళలో కలిస్తే ఇల్లంతా తుమ్ములే. అందుకని నెలకి ఒక పెట్టె ఇప్పటికీ కొంటున్నాం.

మొన్న మార్చికి ఏడాది తిరిగింది. ఆ ఒక్క పెట్టెకీ రూ. 70, సోడాకీ సబ్బుపొడికీ కరెంటుకీ రూ. 68 పోగా నెలకి ఆరువందలు మిగిలాయి. పెట్టుబడి తీసేస్తే మొదటి ఏడు మిగిలింది రూ. 5,760. అమ్మాయి దరఖాస్తుల రుసుములు అందులోంచే కట్టాం. మిగిలిన కాస్తా పాలవాడి పాతబాకీకి సరిపోయింది.

పద్దులోకి ఎక్కనిది ఒకటుంది. మా అత్తగారి గదిలో, కిటికీ పక్కన, కాగితపు చుట్ట ఒకటి ఇప్పటికీ వుంటుంది. మావగారి పింఛనులోంచి నెలకి ఒకటి ఆవిడే తెప్పించుకుంటారు. మందు చెంచా తుడుచుకుంటారు, మాత్ర మింగి మూతి తుడుచుకుంటారు, ఆ కాగితాన్ని ఉండచుట్టి, కుర్చీలోంచి లేవకుండా, గది అవతల వున్న బుట్టలోకి గురిచూసి విసురుతారు. గురి తప్పితే మావారు వెళ్ళి తీసి వేస్తారు.