మనవాడు గెలిచాడు వదినా

విజయనగరం,
23-12-2025

వదినా,

మొన్న ఆదివారం రాత్రి నువ్వు ఫోను చేసినప్పుడు ముక్తసరిగా మాట్లాడానని అనుకుని ఉంటావు. మాట్లాడనిచ్చిందెవరు? మీ అన్నయ్య స్పీకరు పెట్టేసి, "చెల్లెమ్మా, మనవాడు కొట్టీసినాడు" అని ఒకటే కేక. వీధిలో పిల్లలు దీపావళికి మిగిలిన టపాసులన్నీ తగలేస్తున్నారు. ఆ గోలలో నువ్వు "నీకెలగుందే?" అని అడిగావు. బాగానే ఉంది వదినా. కాని బిగ్ బాస్‌లో నా ఓటు కళ్యాణ్‌కి పడలేదు. తనూజకి వేశాను. ఈ మాట ఈ వీధిలో పైకి అనడానికి లేదు కాబట్టి ఖరగ్‌పూర్‌కి రాసుకుంటున్నాను.

ఇక్కడి సంగతి నీకు తెలియంది కాదు. తెల్లారగట్ల బైపాసు మీద మంచులో పరిగెత్తే గుంటల్ని చూశావు కదా, ఇప్పటికీ అలాగే పరిగెత్తుతున్నారు. ఒకడు ఆర్మీకి, ఒకడు సీఆర్పీఎఫ్‌కి, ఒకడు కానిస్టేబులుకి. కోరుకొండ సైనిక్ స్కూల్లో సీటొస్తే ఊరంతా స్వీట్లు పంచే జిల్లా మనది. అలాంటి చోటినుంచి కళ్యాణ్ పడాల అనే జవాను కుర్రాడు టీవీలో కనపడితే జనం ఊరుకుంటారా? ఆగస్టులో ఆ 'అగ్నిపరీక్ష' పెట్టినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. సామాన్యుల్ని వడగట్టడానికి నవదీప్, బిందు మాధవి, అభిజీత్ కూర్చున్నారు, శ్రీముఖి నడిపింది. అందులో నెగ్గినవాళ్లు సెప్టెంబరు 7న బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్లారు. అక్కడ తమాషా ఏటంటే, సామాన్యులు ఓనర్లట, సినిమా సీరియల్ వాళ్లు టెనెంట్లట. జీవితంలో అద్దె కట్టడమే తెలిసినవాళ్లని ఒక్కరోజులో ఓనర్లని చేస్తే ఏమవుతుందో అదే అయింది. మొదటి వారాల్లో ఆ పెత్తనం చూసి నాకు ఒళ్లు మండింది. కళ్యాణ్ మీద కూడా మండింది. తరవాత తరవాత ఆ పిల్లాడు సర్దుకున్నాడు. నోరు తగ్గించాడు, ఆట పెంచాడు. ఆఖరికి అందరికన్నా ముందు ఫైనల్ టికెట్టు అతనికే దక్కింది. అది వాడి కష్టం, కాదనను.

అక్టోబరు 7న సిరిమాను తిరిగినప్పుడు మూడు లాంతర్ల దగ్గర నిలబడి చూస్తున్నాం. పక్కన ఇద్దరు కుర్రాళ్లు పైడితల్లమ్మకి మొక్కుకుంటున్నారు. పరీక్షలో, పెళ్లో అనుకున్నాను. "కళ్యాణన్న టాప్ ఫైవ్‌లో ఉండాలమ్మా" అంటున్నారు! ఆ తల్లి ఎన్ని మొక్కులు వినాలో పాపం.

వాళ్లని తప్పుపట్టను. మన యాస సినిమాలో వినపడిందంటే అయితే పనిమనిషి, కాకపోతే వాచ్‌మన్, లేదా కామెడీ ట్రాకు. మనవాళ్ల మాటకి జనం నవ్వుతుంటే మనమూ నవ్వేసి ఊరుకున్నాం ఇన్నాళ్లూ. అలాంటిది ఈ పక్క పిల్లాడొకడు పదిహేను వారాలు నిలబడి, షో నడిపే నాగార్జున పక్కన సమానంగా నించుంటే గుండె పొంగదా? నాకూ పొంగింది. ఓటు వేరే సంగతి.

నా లెక్క చెప్తాను విను. తెలుగు బిగ్ బాస్ 2017లో మొదలైంది. ఇప్పటికి తొమ్మిది సీజన్లు. శివబాలాజీ, కౌశల్, రాహుల్ సిప్లిగంజ్, అభిజీత్, సన్నీ, రేవంత్, పల్లవి ప్రశాంత్, నిఖిల్, ఇప్పుడు కళ్యాణ్. ఒక్క ఆడపేరు వినిపించిందా? 2018లో గీతామాధురి ఆఖరి మెట్టు దాకా వచ్చి ఆగిపోయింది. 2019లో శ్రీముఖి అంతే. బిందు మాధవి గెలిచింది గాని, అది 2022లో ఓటీటీకని విడిగా చేసిన నాన్‌స్టాప్. టీవీ షోలో ట్రోఫీ ఎత్తడానికి ఆడపిల్ల పనికిరాదు, కొత్తవాళ్లని వడగట్టే బల్ల దగ్గర కూర్చోవడానికి, మైకు పట్టుకుని పేర్లు పిలవడానికి మాత్రం పనికొస్తుంది. అగ్నిపరీక్షలో బిందు మాధవినీ, శ్రీముఖినీ చూసినప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. ఈసారైనా, అనుకున్నాను. ఈసారీ రన్నరే.

తనూజ పుట్టస్వామి అంటే నీకు 'ముద్దమందారం' పార్వతి అంటేనే తెలుస్తుంది. ఆ సీరియల్ చూస్తూ మీ అత్తగారు అన్నం చల్లారబెట్టుకునేదని నువ్వే చెప్పావు. కన్నడ పిల్ల. మరీ ఏడుస్తుంది, అది నాకూ విసుగే. నామినేషన్లు రాగానే కళ్లు తుడుచుకోవడం, అలగడం, మళ్లీ కలిసిపోవడం. మీ అన్నయ్య "మోటారు ఆన్ అయింది" అనేవారు. కాని ఏడ్చిన నోటితోనే మర్నాడు టాస్కులో నిలబడేది. పైగా తనది కాని భాషలో పోట్లాడింది వదినా. మాతృభాషలో తిట్టుకోవడం ఎవరికైనా వస్తుంది. పరాయి భాషలో, కోపంలో, ఎదటివాళ్లు మాట పట్టుకుని లాగుతుంటే, జవాబు వెతుక్కుని చెప్పడం ఎంత కష్టమో నువ్వు చెప్పాలి. రైల్వే క్వార్టర్స్‌లో కాపురం పెట్టిన కొత్తలో కుళాయి దగ్గర బెంగాలీ ఆవిడతో తగువొస్తే, నోరు పెగలక ఇంటికొచ్చి అన్నయ్యగారి మీద అరిచావు గుర్తుందా? ఇప్పుడు నువ్వు వాళ్ల భాషలో బేరమాడితే చేపలవాడే దణ్ణం పెడతాడు. తనూజ మాట్లాడుతుంటే నాకు నువ్వే గుర్తొచ్చేదానివి. చెప్తే నవ్వుతావని ఇన్నాళ్లూ చెప్పలేదు.

ఇక ఆదివారం సంగతి. సాయంత్రం ఏడింటికి మొదలుపెట్టి సాగదీశారు, సాగదీశారు. పాట, డాన్సు, సంక్రాంతికొచ్చే సినిమాల ప్రచారం, ప్రకటనలు, మళ్లీ పాట. రణరంగం అని ప్రోమోల్లో ఊదరగొట్టి చివరికి సినిమా ఫంక్షన్ చూపించారు. సంజన ఐదో స్థానంలో బయటికొచ్చింది. ఆ తరవాత ఇమ్మాన్యుయేల్. ఇది మాత్రం అన్యాయం. ఆ ఇంట్లో వంద రోజులు నవ్వించినవాడు అతనొక్కడే. నవ్వించేవాణ్ణి మనం ఎంత ప్రేమిస్తాం అంటే, నాలుగో స్థానం ఇచ్చేంత.

ఆ తరవాతే అసలు ఘట్టం. ముగ్గురు మిగిలారు. డబ్బు పెట్టె వచ్చింది.

మన ఆడవాళ్ల చీటీపాట చూసినదానికి ఈ పెట్టె సంగతి వేరే వివరించక్కర్లేదు. బహుమతి యాభై లక్షలు. మధ్యలో ఎవరైనా పెట్టె తీసుకుంటే అందులో ఉన్నది గెలిచినవాడి సొమ్ములోంచే తెగుతుంది. ఆటలో ఉన్నవాళ్లకి ఎన్ని ఓట్లొచ్చాయో తెలియదు. తనెన్నో స్థానంలో ఉన్నాడో ఊహించుకుని బేరం ఆడాలి. డిమాన్ పవన్ పదిహేను లక్షలకి లేచాడు. ఇక్కడ మా ఇంట్లో "ఛీ, అమ్ముడుపోయాడు" అన్నారు. నేనైతే చప్పట్లు కొట్టాను. మూడో స్థానం అని తెలిసీ తెలియకుండానే కనిపెట్టి, ఉత్తచేతులతో పోకుండా పదిహేను లక్షలతో దిగాడంటే ఆ ముగ్గురిలో లెక్క తెలిసినవాడు అతనే. అతనూ సామాన్యుల్లోంచి వచ్చినవాడే కదా. ఉన్నవాడికి పరువు, లేనివాడికి పైసా. పెట్టె పట్టుకోవడం సిగ్గని అనేవాళ్లలో ఎంతమంది మన ఊళ్లోంచి జీతం కోసం మూటాముల్లె సర్దుకుని హౌరా మెయిలు ఎక్కలేదు? మీ మామగారు ఎక్కలేదా? ఆయన్ని ఎవరైనా అమ్ముడుపోయాడన్నారా?

ఈ పెట్టె మహిమ 2022లో చూడాల్సింది. అప్పుడు నువ్వు అన్నయ్యగారి ఆపరేషన్ హడావుడిలో ఉన్నావు, చూసి ఉండవు. ఆరో సీజన్. ఆఖరికి మిగిలింది శ్రీహాన్, రేవంత్. రేవంత్ మన శ్రీకాకుళంలో పుట్టినవాడే, ఇండియన్ ఐడల్ రేవంత్. నలభై లక్షలు చూపించేసరికి శ్రీహాన్ ఒప్పేసుకున్నాడు. ట్రోఫీ రేవంత్‌కి పోయింది, డబ్బులో మిగిలింది పది లక్షలు. ఆ తరవాత నాగార్జున నెమ్మదిగా చెప్పాడు, ఓట్లు శ్రీహాన్‌కే ఎక్కువొచ్చాయని! అప్పుడు ఆ ముఖాలు చూడాలి. గెలిచినవాడికి గెలిచానని చెప్పుకోడానికి లేదు, పోగొట్టుకున్నవాడికి ఏడవడానికి లేదు. మన జిల్లాలవాళ్లు మాత్రం "రేవంత్ గెలిచాడు" అనే అన్నారు. ఓట్ల మాట ఎవరూ ఎత్తలేదు. మనవాడైతే చాలు, లెక్కలెందుకు?

2017లోనూ అంతే. సోనీలో ఇండియన్ ఐడల్ ఫైనలు, సచిన్ టెండూల్కర్ వచ్చాడు. ఆఖరి ముగ్గురిలో ఇద్దరు తెలుగువాళ్లు, రేవంత్, రోహిత్. హిందీ పాటల పోటీలో తెలుగు పిల్లాడు గెలిచాడని మనం ఎగిరాం. అప్పుడు ఖుదాబక్ష్ అనే పంజాబీ కుర్రాడు ఎంత బాగా పాడాడో నాకింకా చెవుల్లో ఉంది. ఆ రోజు నా ఓటు మాత్రం కళ్లుమూసుకుని రేవంత్‌కే. నువ్వూ అక్కణ్ణుంచి ఓట్లు వేశావు. పరాయిచోట మనవాడు గెలవాలి అనుకోవడంలో ఒక న్యాయం ఉంది. మనింట్లో మనవాడే గెలవాలి అంటే అది వేరేలా ఉంటుంది. తనూజ మనింటికి వచ్చిన పరాయి పిల్ల. అందుకే నా చెయ్యి అటు వెళ్లింది.

ఓటింగు కూడా ఎలా జరిగిందనుకున్నావ్? ఎదురింటావిడ ఇంటిల్లిపాది ఫోన్లూ ముందేసుకుని, పాలవాడి ఫోను కూడా అడిగి పుచ్చుకుని, పొద్దున్నే మిస్డ్ కాల్ ఇచ్చాకే పాలగిన్నె పొయ్యి మీద పెట్టేది. ఫోనుకి రోజుకి ఒక్కటే. "మీదయిందా అప్పా?" అని నన్ను అడిగేది. "ఎప్పుడో అయింది" అనేదాన్ని. అయింది కదా మరి!

చివర్లో ఇద్దర్నీ అటూ ఇటూ నిలబెట్టి నాగార్జున చేతులు పట్టుకున్నప్పుడు మీ అన్నయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కళ్యాణ్ చెయ్యి పైకి లేచింది. పెట్టె పోగా ముప్పై ఐదు లక్షలు. తనూజ నవ్వింది. అంత ఏడ్చిన పిల్ల ఆ నిమిషంలో ఏడవకపోవడం చూసి నాకు ఓటు వృథా పోలేదనిపించింది. కళ్యాణ్ మీద కూడా కోపం రాలేదు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ వాళ్లిద్దరూ స్నేహంగానే ఉన్నారు. బయట ఫ్యాన్సే కొట్టుకు చచ్చారు. ఈసారి ఆ కొట్టుకోవడం ఫోన్లలోనే జరిగింది, అదొక నయం. రెండేళ్ల కిందట 'రైతుబిడ్డ' పల్లవి ప్రశాంత్ గెలిచిన రాత్రి అన్నపూర్ణ స్టూడియో బయట ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. రైతుబిడ్డ గెలిచిన సంబరం ఎవరి టికెట్టు డబ్బుల మీద జరిగిందో చూడు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి ఇంకో కారణం ఉంది. ఎదురింటావిడ కూతురు, ఆ పొడుగాటి గుంట, కానిస్టేబుల్ సెలక్షన్లకి అన్నతోపాటు బైపాసు మీద పరిగెత్తేది, నువ్వు పోయిన సంక్రాంతికి చూసి "చిరుతపిల్లలా ఉందే" అన్నావు, అది వచ్చే సీజన్‌లో సామాన్యులకి మళ్లీ పిలుపొస్తే వీడియో పంపుతానంటోంది. నిన్న సాయంత్రం వాళ్లమ్మ వచ్చి కూర్చుంది. "అప్పా, గుంటడైతే పంపీద్దును. ఆడగుంట, రేపు సంబంధాలొస్తే ఏటి సెప్పాల?" అంది. ఆదివారం రాత్రి జవాను గెలిచాడని అందరికన్నా ముందు టపాసు ముట్టించింది ఆవిడే.

నేనేం వాదించలేదు. వాదిస్తే పిల్ల కాళ్లకి ఇంకో తాడు పడుతుంది. వాళ్ల వరండాలో వెలుతురు చాలదు, ఒకరోజు పొద్దున్న మా మేడ మీదికి రమ్మని పిల్లకి చెప్పాను. వీడియో తీయడానికి మన చిన్నోడు ఒప్పుకున్నాడు. ఏం మాట్లాడాలో మాత్రం దానికి తోచట్లేదు. నువ్వైతే బాగా రాస్తావు. రెండు నిమిషాలకి సరిపడా, మన మాటలోనే, దాచకుండా రాసి పంపు. అన్నయ్యగారికి నమస్కారాలు. సంక్రాంతికి ఏ బండికి వస్తున్నారో అది కూడా రాయి, అరిసెల పాకం నువ్వొచ్చాకే పెడతాను.

నీ
విజయనగరం వదిన