మా వాడలోని నిశ్శబ్దము

బెల్లంపల్లి యనగానే బొగ్గుపొడియు, లారీల రొదయు, నల్లబడిన మొగములును మనస్సునకు దోచుట సహజము. కాపురమునకు వచ్చిన దినమున మాకును అట్లే తోచినది. కాని మా వాడ యూరికి కొసను, అడవికి మొదలను ఉన్నది. వాకిట నిలిచి చూచిన ఎదుట వేపలు, కానుగలు. వాని కావల మోదుగులు, తునికిచెట్లు. అంత కావల టేకుతోపులు. ఫాల్గుణమాసమున మోదుగులు పూచిన నాడు ఆకాశపుటంచు కాలుచున్నదా యనిపించును. చైత్రమున ఇప్పపూల వాసన తెల్లవారకమున్నే కిటికీలోనికి వచ్చి మమ్ము లేపును. మావారు బడికి పోయిన పిదప మా వీథిలో వినవచ్చునది గువ్వల కూతయు, ఎండుటాకు రాలిన చప్పుడును మాత్రమే. చెట్లకు నీరు పోయనిదే శకుంతల తాను త్రాగదని చిన్ననాడు నాయనగారి చెంత చదివినప్పుడు అది కవికల్పన యనుకొంటిమి. వైశాఖమున ఇచ్చటి యెండ 45 డిగ్రీలు దాటగా చూచినది మొదలు అట్లనుకొనుట మానితిమి.

ఇదియేదో కణ్వాశ్రమమని సోదరీమణులు భ్రమపడవలదు. ఆశ్రమములలో కోతులు పెంకులు పీకెనని యే కావ్యమందును లేదు. మా యింట అది నిత్యకృత్యము. ఆరవేసిన వడియములను కాచుటకు ఒక మనిషి కర్రతో కూర్చుండవలెను. 2012లో కవ్వాలు అడవిని పులుల రక్షితారణ్యముగా ప్రకటించిన తరువాత మహారాష్ట్రమందలి తాడోబా నుండి పెద్దపులులు ఈ జిల్లాల యడవులకు వచ్చుచున్నవి. పులి యను మాట వినబడినప్పుడెల్ల మా వాడ ఆడువారు కన్నాలలోని బుగ్గ రాజరాజేశ్వరుని దర్శనమునకు గుంపుగానే పోవుదురు.

ఈ నిశ్శబ్దమెట్లు వచ్చినదో చెప్పవలెను. 1871లో కింగుదొర ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1920లో సింగరేణి కంపెనీ యేర్పడెను. 1929లో కాజీపేట బల్లార్షా రైలుదారి పూర్తియగుటతో ఇచ్చటి బొగ్గు దూరదేశములకు పోవుటకు వీలు కలిగెను. ఊరు ఆ బొగ్గుతోనే పెరిగినది. పిదప పాత గనులు ఒక్కటొక్కటిగా మూతబడినవి. బొగ్గు తీసిన చోట నేల క్రుంగుననెడి భయముండుటచే అట్టి తావుల ఇండ్లు కట్టరు. చెట్లకా భయము లేదు కావున అవి పెరుగును. 25 కోట్ల సంవత్సరములకు పైబడిన నాటి యడవియే నేలలో నణగి బొగ్గయినదట. దానిని తీసివేసిన తావునకు అడవి మరల వచ్చి కూర్చుండుట మాకు వింతగా నుండును.

మా పొరుగింట ఒక అవ్వ గలదు. గని కార్మికుని భార్య. ఆయన పోయి కొన్నేండ్లయినది. తొలినాళ్లలో ఒక సాయంకాలము ఆమె అరుగుపై కూర్చుండి, ఈ వాడ యెంత నిమ్మళముగా నున్నదని మెచ్చుకొంటిమి. ఆమె మావైపు చూడలేదు.

“నిమ్మళం ఏడిది బిడ్డా! సైరన్ మోగినన్ని దినాలు ఆయన ఎప్పుడు బాయిల దిగిండో, ఎప్పుడొస్తడో ఎరుకుండె. బాయి బందయినంక పిల్లలు శ్రీరాంపూరొకడు, గోదావరిఖనొకడు పోయిండ్రు. గిప్పుడు సప్పుడు లేక నిద్ర పడ్తలేదు.”

మేము మరల ఆ మాట యామె యెదుట ననలేదు.

మా గోడకును అవ్వ గోడకును నడుమ ఒక వేపచెట్టు గలదు. కోతులు దానిమీదుగనే మా యింటి కప్పుపై దుమికెడివి. క్రిందటి శ్రావణమున పెంకులు పగిలి, ఒక రాత్రి నీరు కారి, మా నాయనగారిచ్చిన భాగవతము తడిసిపోయినది. పుటలు విడదీయబోగా అక్షరములు వ్రేళ్ల కంటుకొనినవి. ఆ కోపముతో చెట్టు కొట్టింపుడని ఇంటి యజమానికి కబురంపితిమి. ఆయన వెంటనే ఒప్పుకొని రంపపువాండ్రను కుదిర్చెను. అవ్వతో ఒకమాట చెప్పుట మర్యాదయని వెళ్లితిమి. ఆమె తగవులాడునని యెంచి సమాధానములు సిద్ధము చేసికొనియే పోతిమి.

“నరుకుండ్రి బిడ్డా. ఇల్లు కురిస్తె ఎట్లుంటరు?” అని మాత్రమే యనెను. కొంతసేపటికి తానే చెప్పెను. ఆమె పెనిమిటి గనిలో కప్పు పడకుండ దుంగల ఊతలు నిలుపువాడట. “కప్పు కూలేముందుగాల కట్టె పలుకుతదట, చిటచిట మంటదట. అది విని ఉరికి రెండుమార్లు బతికిండు. బాయిల ఎన్ని కట్టెలు పెట్టిననో, పైన ఒక్కటన్న పెట్టాలె నని, రిటైరైన ఏడు గీ చెట్టు పెట్టిండు.”

మేము సిద్ధము చేసికొన్న సమాధానము లొక్కటియు పనికిరాలేదు. ఇంటికి వచ్చి మావారితో చెప్పగా, “భాగవతము మరల కొనవచ్చును” అనిరి. నాయనగారి చేతివ్రాత అంచులందున్న భాగవతమెచ్చట కొందుమని మాకు కన్నీరు వచ్చినది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవారుజామున అవ్వ యింట పొయ్యి రాజుకొన్న చప్పుడు వినబడినది. మొదటి షిఫ్టునకు పోవువారికి గంజి కాచు వేళకే ఆమె ఈనాటికిని లేచునని అప్పుడు గాని మాకు తెలియలేదు.

రంపపువాండ్రు వచ్చినప్పుడు కప్పుపైకి వ్రాలిన కొమ్మలను మాత్రమే కొట్టించితిమి. యజమాని విసుగుకొనెను. కోతులు రాక మానలేదు. కొంచెము దూరము నుండి దుముకుచున్నవి, అంతే. పుస్తకములను ఇనుపపెట్టెలో పెట్టితిమి.

కొట్టిన కొమ్మలలో పంగగల దుంగ నొకదానిని అవ్వ అడిగి తీసికొనెను. ఆమె పెరటి చూరు ఒకవైపు వ్రాలియున్నది. దుంగను దాని క్రింద నిలిపి, మొదట రాయి కూరి, వ్రేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి యొగ్గి వినెను. పిదప మమ్మును వినుమని పిలిచెను.